కామాక్షి ఆగాకర పందిరి

కువైట్‌లో ఎవరి పిల్లల్నో పెంచి ఏళ్ళ తరవాత ఇంటికొచ్చిన కామాక్షికి, సొంత కూతురు యామిని కొత్త చుట్టంలా కనిపించింది. ఉన్న కాస్త డబ్బుతో అప్పనపల్లి అవతల లంకలో ఆగాకర పందిరి వేసింది. కాస్తే ఇక్కడే ఉంటుంది, కాయకపోతే మళ్ళీ విమానమే. ఆ సంగతి నాలుగో తరగతి చదివే యామినికీ తెలుసు.

తీగలు దట్టంగా అల్లుకున్నాయి, విరగబూశాయి. కాయ మాత్రం నిలవలేదు. పువ్వు కింద గోరంత పిందె కనబడడం, పండిపోయి రాలిపోవడం! పక్కతోట మహాలక్ష్మమ్మ వచ్చి పందిరంతా తిరిగి చూసింది.

“ఏవే కామాక్షీ, కొన్ని తీగలు పీకేసేవా?”

“ఆయ్, పీకేసేనండి పిన్నిగారూ. ఉత్త పూలే, ఒక్క పిందె లేదు. ఎరువు దండగని...”

“నీ దుంప తెగ! మొగుళ్ళందర్నీ తగిలేసి, పెళ్ళాలు కనలేదని ఏడుస్తావేంటే!”

ఆగాకరలో మగతీగ వేరు, ఆడతీగ వేరు. సృష్టిలో ఈ వేరుకాపురాలు ఎందుకో ఎన్ని పుస్తకాలు తిరగేసినా తేలదు. పోతుతాడి, అదే మగ తాటిచెట్టు, కాయదని కామాక్షికి చిన్నప్పట్నుంచీ తెలుసు. తీగ దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి తట్టనేలేదు.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్ళు మహాలక్ష్మమ్మ తోటలో మగపూలు కోసుకొచ్చారు. కామాక్షి చేతిలో పూలు నలిగిపోయాయి. యామిని మాత్రం రేకలు వెనక్కి విరిచి, మధ్యలో పుప్పొడిని ఆడపువ్వుకి బొట్టు పెట్టినట్టు అద్దింది. తల్లి ఏదో అడగబోతే, “ఉష్! కదిలిపోద్దమ్మా” అని కసిరింది.

నాలుగైదు రోజులు గడిచాయి. యామిని చెయ్యి అందని పై తీగల్లో పిందెలు పండి రాలాయి. అందినచోటల్లా మెత్తటి ముళ్ళతో, లేతాకుపచ్చగా, కాయలు ఊరుతున్నాయి. యామిని ఒక కాయ కింద అరచెయ్యి పెట్టి, ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

“అమ్మా, మొన్న ఇది లేదు కదా! ఎక్కణ్ణుంచొచ్చింది?”

కామాక్షి వంగి, కూతురి అరచేతి మీదుగా ఆ కాయని చూసింది.

“రేపూ పూస్తాయా?”

“కాపున్నన్నాళ్ళూ రోజూ పూస్తాయే.”

“అయితే రోజూ నువ్వుండాలి మరి. పైవాటికి నన్నెవరెత్తుతారు?”

కామాక్షి కూతుర్ని చంకలకింద పట్టి పందిరి పైకెత్తింది.

“ఆయ్, ఉంటానండీ. తొందరగా కానివ్వండి, బరువున్నారు తమరు.”