బొంగరం పడవలో పొయ్యి

"ఇది ఇళ్లల్లో అందరూ వాడేదే పెద్దమ్మా," అన్నాడు పొయ్యిల కొట్టువాడు, గాజు పలక పరిచిన పొయ్యిని గుడ్డతో తుడుస్తూ. "చూడండి, మొహం చూసుకోవచ్చు."

మొహం చూసుకోవడానికి ఇంట్లో అద్దం ఉంది కదా అన్నాను నేను. నా మాట ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

"ఇల్లు ఊగుతుందా నాయనా?" అంది మా ఆడపడుచు. "మీ ఇంట్లో మంట ఆరిపోతే గ్యాస్ తలుపు సందుల్లోంచి వీధిలో పడుతుంది. నా పడవలో ఎక్కడికి పోతుంది? నీళ్లలాగా కిందికి దిగి అడుగున కూర్చుంటుంది. మంట ఆరితే గ్యాస్ తనంతట తనే ఆగిపోయే పొయ్యి కావాలని పొద్దుట్నించీ మొత్తుకుంటున్నా."

"ఇదీ ఆగుతుందమ్మా."

"వెలిగించు."

వెలిగించాడు. ఆమె వంగి ఉఫ్‌మని ఊదింది. మంట పోయింది, బుస్సుమనే చప్పుడు మాత్రం పోలేదు.

"కాసేపటికి ఆగుతుంది," అన్నాడు వాడు, చెయ్యి బటన్ మీదికి పోనిస్తూ.

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. "అయితే షట్టర్ దించుకుని దీని పక్కనే కూర్చో. ఆగేదాకా కూర్చుంటే ఇదే కొంటా. మా వదిన సాక్ష్యం."

కొట్టులో ఉన్న నలుగురూ మెల్లగా గడప దాటారు. వాడు చెయ్యి విదిలించుకుని గ్యాస్ కట్టేసి, వెనక గదిలోకి వెళ్లాడు. దుమ్ము కొట్టుకుపోయిన ఉక్కు పొయ్యి ఒకటి మోసుకొచ్చాడు. గిన్నెలు జారకుండా చుట్టూ కడ్డీలు, బటన్ నొక్కిపట్టి వెలిగించాలి, కాస్త వేడెక్కాక వదలాలి. ఆమె వెలిగించింది, ఊదింది. కాసేపటికి లోపల టిక్కుమంది, బుస్సు ఆగిపోయింది.

"ఇది ఎవరూ కొనరమ్మా, అందంగా ఉండదని."

"నేనేమన్నా అందంగా ఉన్నానా? నాతో సంసారం జరగలేదా?" అంది ఆమె.

మా ఆడపడుచుని అందరూ బొంగరం అంటారు. చిన్నప్పుడు మా అత్తగారు పెట్టిన పేరు. కూర్చున్న చోట కూర్చోదు. అన్నం తింటూ లేచి కిటికీ మూసి వస్తుంది, మాట మధ్యలో లేచి చెప్పులు సర్దుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈమెని చూస్తేనే నాకు కళ్లు తిరిగేవి. అలాంటిది పడవవాడికి ఇల్లాలైంది. నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మనుషుల్ని దాటించేవాడు ఆయన. నిలకడలేని మనిషికి నిలకడలేని ఇల్లు, బాగానే కుదిరింది అనుకున్నాం. తర్వాత వంతెన వచ్చింది. దాటేవాళ్లు లేకుండా పోయారు. ఆయన వంతెన వైపు వీపు పెట్టుకుని కూర్చుని, అలాగే పోయాడు.

పడవ అమ్మెయ్యమన్నాం. ఆమె దాని మీదున్న చిన్న గదిలో కిరోసిన్ పొయ్యి పెట్టి, రేవులో పూడిక తీసే బోట్ల దగ్గరికి వెళ్లి పనివాళ్లకి టీ, భోజనం అమ్మడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్లు బాగానే నడిచింది. కిందటి ఏడు ఒక పెద్ద ఓడ పక్కనుంచి పోతే అల లేచి పొయ్యి బోర్లా పడింది. రెండు పలకలు కాలాయి, ఆమె మోచెయ్యీ కాలింది. ఆ రోజే మా ఆయన తెగేసి చెప్పాడు, పడవలో ఇంకొక్కసారి ఏం జరిగినా తనే అమ్మేసి చెల్లెల్ని ఇంటికి తెచ్చేస్తానని. మా ఆయన మాట తక్కువ మనిషి. అన్నాడంటే చేస్తాడు. ఆ మాటకి భయపడే ఈమె మంచి పొయ్యి కోసం కొట్టు కొట్టూ తిరిగింది, తోడుకి నన్నూ తిప్పింది. మా ఇంటికి వచ్చి ఉండాలంటే ఆమెకి ఎందుకంత బాధో నేను అడగలేదు. అడిగితే చెబుతుంది, నాకు కోపం వస్తుంది.

పొయ్యి బిగించడానికి వచ్చిన పడవల వడ్రంగి పనిమంతుడు. సిలిండర్ గదిలో ఉండకూడదన్నాడు. వెనక వైపు, గదికి బయట, ఒక పెట్టె కట్టాడు. పెట్టె అడుగున నీటి మట్టానికి పైన బయటికి ఒక కన్నం పెట్టాడు. "గ్యాస్ కారితే ఇందులోంచి నదిలోకి జారిపోతుంది అక్కా. దీన్ని మాత్రం ముయ్యకు," అన్నాడు. అలాగే అంది. సబ్బు నీళ్లు రాసి గొట్టం కీళ్ల దగ్గర బుడగలు వస్తాయేమో చూపించాడు. రాలేదు. అంతా బాగుంది.

కానీ ఆమెకి కుదురు లేదు. మా ఇంటికొచ్చినా ఆ కన్నం గొడవే. అల వస్తే నీళ్లు చిమ్ముతున్నాయి అనేది, లేచేది, కూర్చునేది. పుట్టి బుద్ధెరిగాక పడవలో కన్నం చూసి ఊరుకున్న చెయ్యి కాదు అది. వడ్రంగి ముయ్యొద్దన్నాడుగా అన్నాను. "ముయ్యను వదినా, ముయ్యనులే," అంది, నా వైపు చూడకుండా.

మూసింది. గుడ్డ కుక్కి, పైన తారు పూసింది.

ఆమె మా ఇంట్లో మరిచిపోయిన టీపొడి డబ్బా ఇద్దామని ఒకరోజు పొద్దున్నే రేవుకి వెళ్లాను. నేను పడవ ఎక్కే మనిషిని కాను. గట్టు మీద నిలబడి కేకేద్దామని నోరు తెరిచాను, గుప్పుమని కొట్టింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఆమె గదిలో బల్ల మీద గిన్నె పెట్టి, లైటర్ చేతిలోకి తీసుకుంటోంది.

"ఏమేవ్! వెలిగించకు! అక్కడ పెట్టి బయటికి రా!"

"ఏంటి వదినా పొద్దున్నే ఆ అరుపు?"

"నీ పడవ కంపు రేవంతా కొడుతుంటే ఏంటంటావేంటే! గ్యాస్!"

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. లైటర్ మెల్లగా కింద పెట్టింది. బయటికొచ్చి సిలిండర్ కట్టేసింది, తలుపులన్నీ తెరిచింది. కొత్త సిలిండర్ పెట్టినప్పుడు కీలు సరిగా పడలేదు. పెట్టె నిండింది, కింద దారి లేదు, గొట్టం వెళ్లే సందులోంచి గదిలోకి దిగింది. ఆమె చాకుతో తారు గీకి గుడ్డ లాగేసింది. తర్వాత అడుగుపలకలు ఎత్తి, ప్లాస్టిక్ బకెట్‌తో తోడటం మొదలుపెట్టింది. అడుగున ఏమీ లేదు. ఖాళీ బకెట్ ముంచి, ఖాళీ బకెట్ నది మీదికి వంపి, మళ్లీ ముంచి. కనబడని ఆ బరువుని అలాగే తోడాలట, పూడిక బోటు వంటవాడు నేర్పాడట. గట్టు మీద ఎవడో నవ్వాడు. వాడికేసి నేను చూసిన చూపుకి నవ్వు మింగేశాడు.

తోడి తోడి వచ్చి నా పక్కన తాళ్ల కట్ట మీద కూలబడింది.

"గట్టు మీదున్న నాకు ముక్కు పగిలిపోతోందే. నీకు తెలియలేదా?"

"జలుబు."

"ఏనాటి జలుబు?"

లేవబోయింది. కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను.

"వానల్లో జ్వరం వచ్చిందే, అప్పట్నుంచి ఏ వాసనా తగలట్లేదు వదినా. ఉల్లిపాయ కోస్తే కళ్లు మండుతాయి, అంతే. వాసన మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ."

మొన్న మా ఇంట్లో ఈమె కాచిన పాలు మాడు కంపు ఎందుకు కొట్టాయో నాకు అప్పుడు అర్థమైంది. కొట్టువాడి చెయ్యి ఎందుకంత గట్టిగా పట్టుకుందో కూడా.

"మీ అన్నకి చెబుతాను. ఇవాళే చెబుతాను. నువ్వు చచ్చి మమ్మల్ని చంపడానికా?"

"చెప్పు. చెప్పొద్దని నేననను, నీ నోరు ఆగదని నాకు తెలియదా? గ్యాస్ కారితే అరిచే యంత్రం ఉందిట, అదీ తెచ్చి పెడతాను. కన్నం ఇంక ముట్టను. కానీ యంత్రం మూగబోతే నాకు తెలియదు వదినా. నువ్వు మూగబోతే ఊరందరికీ తెలుస్తుంది."

నాకు నవ్వు రాలేదు. ఆమె లేచి, పడవకి దిగే పలక మీద నిలబడి, నాకేసి చెయ్యి చాపింది.

"అన్నయ్యకి చెప్పే ముందు ఒక్కసారి దిగు. పట్టుకుంటాలే, పడిపోవు. ఆ పలక ఎత్తి పడవ అడుగున తల పెట్టి గట్టిగా పీల్చు. వాసన ఉంటే నువ్వే అమ్మించెయ్. లేదంటావా, రేపట్నుంచి నేను పొయ్యి వెలిగించే ముందు రోజూ వచ్చి, ఇలాగే చూసి చెప్పిపో."