సూరయ్యకు పడని దండ

ఈ ఉదయం టీ తాగుతుంటే మా లీగు గ్రూపులో ఈ ఏటి జాబితా వచ్చింది. గొప్పోళ్ల గోడ ఎక్కడానికి తగిన ఆటగాళ్ల పేర్లు, పక్కన వాళ్ల ఘనకార్యాలు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. రెండు పేర్లు లేవు. ఒకటి లేకుండా చేసింది మా బావగారు, రెండోది లేకుండా చేసింది నేను. మొదటిదానికి నాకు ఒళ్లు మండిపోయింది. రెండోదానికి, అబద్ధమెందుకు, అప్పట్లో కడుపు చల్లబడింది.

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ చూసుకునేవాడికి బేస్‌బాల్ ఏమిటని మీరు అడగొచ్చు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. మా లీగులో ఉన్న ఐదుగురిలో ఒక్కడూ ఆ బ్యాటు చేత్తో పట్టుకున్నవాడు కాదు. కాకినాడ కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితుడొకడు ఈ కంప్యూటర్ ఆటని ఎక్కడినుంచో పట్టుకొచ్చి అందరికీ అంటించాడు. ఇందులో ఆటగాళ్లెవరూ భూమ్మీద లేరు, మనమే పేరు పెట్టి పుట్టించుకోవాలి. పొద్దున్నే ఎవరి జట్టు వాళ్లు సర్ది పంపితే మ్యాచ్ కంప్యూటరే ఆడేసి ఎవరు గెలిచారో చెబుతుంది. ఆ లేని మనుషులకీ వయసు మీద పడుతుంది, భుజాలు నొప్పెడతాయి, రిటైరవుతారు. ఆదివారాలు మా బావగారి రొయ్యల మేత కొట్లో చేరి ఆట ఫలితాల మీద అరుచుకుంటాం. ఏటా ఒక ఆదివారం రిటైరైనవాళ్లలో గొప్పవాళ్లని అక్కడే గోడ ఎక్కిస్తాం. గోడంటే ల్యాప్‌టాప్‌లో ఒక పేజీ. ల్యాప్‌టాప్‌కి నిజం బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, పునుగులు తింటాం. ఐదుగురూ ఔనంటేనే గోడ. ఐదేళ్లు వరసగా కుదరకపోతే ఆ పేరు మళ్లీ జాబితాలోకి రాదు. గ్రూపులో ఒకసారి పెట్టిన ఓటు మార్చుకోవడానికి లేదు.

నా జట్టులో బంతి విసిరేవాడు సూరయ్య. అది మా నాన్న పేరు. కాకినాడ సముద్రం మీద వల విసిరి అక్కనీ నన్నూ పెంచిన మనిషి. ఆయన పోయిన నెలలోనే ఈ సూరయ్యని పుట్టించాను. విసిరేవాడికి అంతకంటే తగిన పేరు నాకు తట్టలేదు. మొదట్లో తెగ దెబ్బలు తిన్నాడుగానీ, కుదురుకున్నాక మిగతా నలుగురూ "ఇవాళ సూరయ్య ఉన్నాడా?" అని అడిగి ఉసూరుమనేవాళ్లు. అలాంటివాడు రిటైరైన మొదటి ఏడే గోడ ఎక్కుతాడని నేను కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాను. మిగతా ముగ్గురూ ఔనన్నారు. మా అక్క మొగుడు, సాక్షాత్తూ నాన్న అల్లుడు, "వద్దు" అని ఒక్క ముక్క పెట్టారు. పరుగున వెళ్లాను.

"ఏంటండీ బావగారూ, ఏం తక్కువైందండీ సూరయ్యకి?"

"నా ఓటు నాది కదా బామ్మర్దీ," అన్నారు, నా మొహం చూడకుండా మేత బస్తాల వైపు చూస్తూ.

ఐదేళ్లూ అదే ముక్క. ఐదో ఏడు సూరయ్య పేరు శాశ్వతంగా పోయింది. ఆ ఆదివారం వేరేవాళ్ల ఆటగాడికి పడ్డ దండ చూస్తూ, ఉండు నీ పని చెప్తా అనుకున్నాను. ఎక్కువ రోజులు ఆగక్కర్లేకపోయింది. పోయినేడు బావగారి బ్యాటర్ బుజ్జిబాబుకి ఆఖరి అవకాశం. బుజ్జిబాబు ఎవరనుకున్నారు? చిన్నప్పుడు బావగారిని వాళ్లమ్మ పిలిచిన పేరది. మనిషి తన్ను తానే గోడ ఎక్కించుకోబోతున్నాడన్నమాట! పరుగు రాని బ్యాటరని అన్నేళ్లూ అడ్డుపడ్డ మా లీగులోని సామర్లకోట స్నేహితుడు కూడా చివరికి మెత్తబడ్డాడు. మిగిలింది నా ఓటు. వారం రోజులు వెయ్యకుండా ఉడికించాను. ఎన్నడూ లేనిది బావగారు ఇంటికి టైగర్ రొయ్యలు పంపారు. వేపుడు చేయించుకుని తిన్నాను. చాలా బాగున్నాయి. ఆదివారం ఆయన దండ చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా, ఎదురుగా కూర్చుని, ఫోన్ తీసి "వద్దు" అని కొట్టాను. బావగారు ఫోన్ చూసుకుని, దండ మెల్లగా బల్ల మీద పెట్టారు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

కొట్టు వెనకే వాళ్ల ఇల్లు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే అక్క అక్కడే నిలబడి ఉంది.

"తీరిందేంట్రా నీ కచ్చ?"

"నాన్న పేరుకి ఆయన చేసినదానికి ఇదేం చాలుతుందక్కా?"

"నాన్నకి వద్దన్నది ఆయన కాదురా. నేను." అక్క గొంతు పెంచలేదు. "ఆదివారం వస్తే మీరంతా ఈ కొట్లో చేరి, సూరయ్యని ఉతికేశారు, సూరయ్య పనైపోయింది, తీసి పక్కన కూర్చోబెట్టండి అని అరుస్తుంటే నేను వంటింట్లో వినేదాన్ని. భుజం పడిపోయి నాన్న మంచాన పడ్డప్పుడు రేవులో జనం అన్న మాటలేరా అవి! ఆ నోళ్లతోనే మళ్లీ పొగిడి దండ వేస్తారా? నేనే వద్దనమన్నాను. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"నాకే చెప్పొచ్చు కదక్కా?"

"ఆ పేరు ఫోన్లో కనబడితే చాలు, ఎంత మురిసిపోయేవాడివిరా. నీకెలా చెప్పను?"

ఆయన్ని ఎన్నెన్ని మాటలన్నాను! ఎన్ని పండగలకి గుమ్మం తొక్కలేదు! లోపలికి వస్తే బావగారు ఆ దండే తీసి, ఆ ఏడు గోడెక్కిన సామర్లకోట స్నేహితుడి ఆటగాడి కోసం ల్యాప్‌టాప్‌కి వేస్తున్నారు. "రా బామ్మర్దీ, ఓ ఫోటో తియ్యి," అన్నారు. గొంతులో కోపం లేదు. అదుంటే బాగుండేది. ఫోటో తీశాను. అందులో అందరి మొహాలూ చెదిరాయి.

ఐదేళ్లు పెంచుకున్న పగ ఒక్క నిమిషంలో తీరిపోయింది. ఆ ఒక్క నిమిషం మాత్రం, ఏడాదైనా, నాకింకా గడవడం లేదు.