బ్రానిగన్ కౌంటీలో ముందు ఉన్నవాళ్లు

వసుంధర అమెరికాలోని నెబ్రాస్కాలో ఏనాడూ అడుగు పెట్టలేదు. ఐర్లండ్‌లో, లూకన్‌లోని ఇంట్లో, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, రెండేళ్లు ఆ రాష్ట్రంలోని బ్రానిగన్ కౌంటీ చరిత్ర రాసింది. మోకాలి లోతు పారని ఏరు, దాని వెనక ఇసుక తిన్నెలు, మైలుకు మైలు గళ్లు గీసి పంచేసిన గడ్డినేల, రైలు పక్క ఊరికి పోవడంతో పాడుబడ్డ పాత ముఖ్యపట్టణం. ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని దారి చెప్పగలదు.

పని ఇచ్చింది జెర్రీ. పక్కనే క్లాండాల్కిన్‌లో చిన్న ప్రచురణ సంస్థ అతనిది. ఐర్లండ్ నుంచి వలసపోయినవాళ్ల మునిమనవలు అమెరికాలో కమిటీలు పెట్టుకుని, తమ కౌంటీల చరిత్రలు అతని దగ్గర రాయించుకుంటారు. ఇన్నాళ్లూ పేరు లేకుండా రాసిన వసుంధరకు ఈసారి అట్ట మీద పేరు వేస్తానని మాటిచ్చాడు. కర్నూల్లో ఒక ఎమ్మే, ఇక్కడికొచ్చి ఇంకో ఎమ్మే చదివిన మనిషి, ఆ పేరు కోసం ఎంత ఆరాటపడిందో చెప్పలేం.

ఊరి చరిత్ర రాస్తే ముందు అక్కడ ఎవరుండేవారో చెప్పాలి. మన పాత కైఫీయత్తుల పద్ధతి అదే, వసుంధరకు తెలిసిన పద్ధతీ అదే. అందుకని మొదటి అధ్యాయం అక్కడి ఆదివాసులైన పానీ తెగవాళ్ల గురించి రాసింది. ఆ ఏటి ఒడ్డున మొక్కజొన్న పండించుకుని బతికినవాళ్లను సర్కారు దక్షిణానికి తరలించాకే ఐరిష్ బండ్లు దిగాయని రాసింది. రాస్తూ ఏడ్చింది. వాళ్లమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం నీళ్ల కింద ఉంది మరి. దూలాలు విప్పుకుని లారీ ఎక్కిన కథ వింటూ పెరిగింది.

ఐరిష్‌వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదనుకుంది. గుడిసెల కప్పులు పీకించి ఇంగ్లీషు దొరలు తమవాళ్లను తరిమేసిన సంగతి ఇక్కడ ఊరూరా చెప్పుకుంటారు కదా, ఆ నొప్పి తెలిసినవాళ్లు ముందుగా కళ్లు తుడుచుకుంటారనుకుంది. పిచ్చి మొహం!

కమిటీ భగ్గుమంది. మా తాతముత్తాతలను దొంగలంటారా అని ఉత్తరం మీద ఉత్తరం. జెర్రీ ఫోన్ చేశాడు.

"నువ్వు రాసింది నిజమే, వసుంధరా. కానీ వాళ్లు పుస్తకం కొనేది తమ కోసం తాము ఏడవడానికి. ఆ అధ్యాయం ఉంటే పుస్తకమే లేదు. తీసేశావా, అంతా గ్రాండ్. నీ పేరు అట్ట మీద ఉంటుంది."

ఒళ్లు మండిపోయింది. మహీధర్‌తో చెప్పుకుంటే మొగుడుగారి సలహా ఇదీ: "ఎందుకే అంత స్ట్రెస్ తీసుకుంటుండావు? యాడనో ఎవరో ఉండిరంట, పోయిరంట. మనకేం సంబంధం? పేరు పడుతుంది, ఫస్ట్ దాన్ని చూసుకో."

రెండు రోజులు ఆ అధ్యాయాన్నే తెరిచింది, మూసింది. మూడో రోజు అధ్యాయం తీసేసింది. పుస్తకం ఇప్పుడు ఖాళీ గడ్డినేల మీద దిగిన మొదటి ఐరిష్ బండితో మొదలవుతుంది.

ఆవిష్కరణ బాలింకాలిగ్‌లో పెట్టారు, కౌంటీకి పేరిచ్చిన బ్రానిగన్‌లు ఐర్లండ్‌లో అటువైపు వాళ్లని. అట్ట మీద పేరు తళతళలాడింది. మహీధర్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, పొగడ్తలే పొగడ్తలు. కమిటీ పెద్దావిడ నెబ్రాస్కా నుంచి పని గట్టుకుని వచ్చింది. వసుంధర చేతులు రెండూ పట్టుకుని ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది.

"ఎంత బాగా రాశావమ్మా! అయినా సొంత నేల పోగొట్టుకోవడమంటే ఏమిటో మీలాంటివాళ్లకు తెలియదులే. అది రక్తంలో ఉండాలి."

ఆవిడకు వసుంధర ఇవ్వాల్సిన జవాబు ఒకప్పుడు ఆ పుస్తకంలోనే ఉండేది. పేరు కోసం దాన్ని పీకేసింది తనే.

ఆవిడ మొదటి పేజీ తెరిచి, సంతకం చెయ్యమని పెన్ను ఇచ్చింది. వసుంధర చేసింది.