చీపురు బండి ముందు పెరీనా

సముద్రపొడ్డు ఊరు వెత్రెనిక్‌లో ఏటా సెప్టెంబరులో జరిగే పోటీకి ఒక చీపురు బండి ఉంది. ఈత, సైకిలు, పరుగు మూడింటిలోనూ చివర మిగిలినవాళ్లను ఊడ్చుకొచ్చే బండి అది. నెత్తిన నిజంగానే ఒక చీపురు కట్టి ఉంటుంది. బండి బెర్తోది. మిగతా రోజుల్లో అందులో చేపలు తోలుతాడు కాబట్టి, అది ఎక్కినవాళ్లు ఓటమితోపాటు చేపల కంపు కూడా ఇంటికి మోసుకుపోతారు. మూడేళ్లుగా ఆ బండి తప్పకుండా ఎక్కుతున్నది బెర్తోకి స్వయానా వదినగారు, పెరీనా.

పెరీనాకు యాభై తొమ్మిదేళ్లు. పద్దెనిమిదో ఏట ఉప్పుమడిలో దిగింది. చెక్కపారతో ఉప్పు లాగి, గుట్ట పోసి, బుట్టల్లో మోసి, పెళ్లి చేసుకుని, మొగుణ్ణి మట్టిలో పెట్టి, మర్నాడు మళ్లీ మడిలోకే వచ్చిన మనిషి. మూడేళ్ల కిందట ఉప్పు కొఠారుకు లోవ్రే అనే కొత్త మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు. ఆమెను పిలిచి కుర్చీ వేసి మరీ చెప్పాడు.

"ఈ గాలికి ఇంక మీరు తట్టుకోలేరమ్మా. లోపల ప్యాకింగులో హాయిగా కూర్చోండి."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. అంత మెత్తగా చెప్పేసరికి లేచి ప్యాకింగు గదిలోకి నడిచింది. కిలో ప్యాకెట్లకు మూతులు అతికిస్తూ, మూసిన కిటికీలోంచి తన మడిని చూస్తూ వారం రోజులు కూర్చుంది. ఎనిమిదో రోజు రొట్టెల దుకాణం తలుపు మీద పోటీ కాగితం కనిపిస్తే లోపలికి వెళ్లి కలం అడిగి పేరు రాసింది. ఈత పుట్టుకతో వచ్చిందే. సైకిలు రోజూ పనికి తొక్కేదే. పరుగంటే మాత్రం, తప్పిపోయిన గొర్రె వెనక తప్ప ఆమె ఎన్నడూ పరిగెత్తలేదు.

తొంభై కిలోమీటర్ల సైకిలు ముగించి మధ్యాహ్నం రెండింటికల్లా రేవు చేరితేనే పరుగుకు పంపిస్తారు. మొదటి ఏడాది పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. తర్వాతి ఏడాది ఆరు. కిందటేడు రెండే రెండు. మూడుసార్లూ బెర్తో హారను కొట్టుకుంటూ ఆమెను ఊరంతా తిప్పి తెచ్చాడు. మూడుసార్లూ రేవులో నిలబడి లోవ్రే చప్పట్లు కొట్టాడు, బడిపిల్ల పద్యం అప్పజెప్పితే కొట్టినట్టు. ఆ చప్పట్లు ఆమెను రాత్రిళ్లు నిద్రపోనివ్వలేదు.

ఈ ఏడు పోటీ రోజు తెల్లవారేసరికి జలసంధి అవతలి కొండ నెత్తిన మబ్బు దుప్పటిలా పరుచుకుని ఉంది. బయటి ఊళ్లవాళ్లు దానికి ఫొటోలు తీసుకున్నారు. మా వాళ్లెవరూ తీయలేదు. ఆ మబ్బు పడిందంటే మధ్యాహ్నానికి బూర దిగుతుంది. కొండమీంచి పడి పడవల్ని కూడా బోర్లించే గాలి అది. పెరీనా ఇంట్లోకి వెళ్లి, తన చేత్తో మూతి అతికించిన కిలో ఉప్పు ప్యాకెట్లు నాలుగు తెచ్చి సైకిలు చట్రానికి కట్టింది. పోటీ నడిపే రోకో కుర్రవాడు అది చూసి తల గోక్కున్నాడు.

"ఇదేంటత్తా, అందరూ బరువు తగ్గించుకుంటుంటే నువ్వు ఉప్పు మోస్తావా?"

"మీ నాన్న ఇంటికప్పు మీద రాళ్లెందుకు పెట్టాడ్రా?"

రోకో నిబంధనల కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఉప్పు కట్టకూడదని ఎక్కడా లేదులే. సరే, వెళ్లు."

ఈత సాఫీగా ముగిసింది. అరవయ్యో కిలోమీటరు దగ్గర గాలి దిగింది. బయటివాళ్ల ఖరీదైన సైకిళ్లకు చువ్వలు కనబడకుండా మూసిన వెడల్పాటి చక్రాలు ఉంటాయి. వాటిని బూర తెరచాపల్లా పట్టుకుని మనుషులతో సహా పక్కకు తోసింది. పెరీనా జలసంధి మీది వంతెన చేరేసరికి ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు. అక్కడ పోటీ వదులుకున్న పది పన్నెండు మంది రాతిగోడ చాటున కూర్చుని బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. పోలీసు అడ్డుకర్ర వేసి, ఎత్తు బండ్లు వంతెన ఎక్కకూడదనీ, సైకిళ్లయితే దిగి నడిపించుకు పొమ్మనీ చెబుతున్నాడు.

చీపురు బండి వచ్చి ఆమె పక్కన ఆగింది. బెర్తో అద్దం దించాడు.

"ఎక్కు వదినా. ముందుసీటు నీకోసం కడిగించాను, కావాలంటే వాసన చూడు."

"నీ బండే వంతెన దాటదు, నేనెక్కి ఎక్కడికి పోను?"

"వెనక్కి తిప్పి, గాలి తగ్గేదాకా ఎక్కడైనా చాటున ఆగుదాం. ఈ గాలిలో ఏంటీ మొండితనం?"

"నువ్వు పో మరిదీ. నాకు రెండింటికి రేవులో పనుంది."

"చివరి మనిషి వెనకే ఉండమని రోకో చెప్పాడు. నిన్నొదిలి పోతే నా పరువేం కాను?"

"అయితే దిగి నడువు."

ఆమె అప్పటికే వంతెన మీద కాలుపెట్టింది. బెర్తో కాసేపు గొణుక్కున్నాడు. తర్వాత బండి పక్కకు పెట్టి, నెత్తిమీది చీపురు విప్పి భుజాన వేసుకుని వెంట నడిచాడు.

బూర ఒకే బిగిన వీచదు, దెబ్బలు దెబ్బలుగా కొడుతుంది. రెండు దెబ్బల నడుమ ఎనిమిది లెక్కపెట్టేంత సందు ఉంటుంది. మడిలో ఆడవాళ్లు దెబ్బ వచ్చినప్పుడు బుట్ట చాటున చతికిలబడి, సందులో లేచి ఉప్పు లాగుతారు. పెరీనా వంతెననూ మడిలాగే చూసింది. దెబ్బ తగలగానే సైకిలును పడుకోబెట్టి దానిమీద వాలింది. తగ్గగానే లేచి, లెక్కపెడుతూ, హ్యాండిలు పట్టుకుని పరిగెత్తింది. బెర్తో చేపలవాడు, అతనికి ఈ లెక్క తెలియదు. ఒకసారి ఆలస్యంగా కూర్చున్నాడు, టోపీ సముద్రంలో పడింది. ఆ తర్వాత వదిన కూర్చుంటే కూర్చున్నాడు, లేస్తే లేచాడు.

వంతెన నడుమ మాత్రం ఎనిమిది అవకుండానే, అయిదు దగ్గరే దెబ్బ పడింది. వెనక చక్రం గాలిలోకి లేచింది. ఆమె ఒక చేత్తో సైకిలును, ఇంకో చేత్తో కమ్మీని పట్టుకుని కళ్లు మూసుకుంది. కింద నీళ్లు తెల్లగా ఉడుకుతున్నాయి. నిజంగా భయమేసింది. లోవ్రే చెప్పింది నిజమేనేమో అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకే ఒళ్లు మండింది. ఆ మంటతో లేచి, మిగతా వంతెన దాటింది.

అక్కడినుంచి రోడ్డు ఊరివైపు తిరుగుతుంది, గాలి వీపున పడుతుంది. నలభై ఏళ్లు ఎదురుగా కొట్టిన బూర ఆ రోజు ఇరవై రెండు కిలోమీటర్లు ఆమెను వెనకనుంచి తోసింది. రేవు గడియారం ఒంటిగంటా యాభై నాలుగు చూపిస్తుండగా సైకిలు దిగింది. లోవ్రే అక్కడే ఉన్నాడు. చప్పట్లకు చేతులు లేపాడు.

"ఇప్పుడే కొట్టకండి," అంది పెరీనా. "ఇంకా పరుగుంది."

ఇరవై ఒక్క కిలోమీటర్లు. సగం పరిగెత్తింది, సగం నడిచింది, కొంత ఏడ్చింది కూడా. సాయంత్రం అయిదింటికి ముగింపు. గమ్యం దగ్గర కట్టిన తోరణాన్ని గాలి ఎప్పుడో ఎత్తుకుపోయింది. రోకో, పోలీసు చెరో కొసన రిబ్బను పట్టుకుని నిలబడ్డారు. ముగించిన ముప్పై ఒక్క మందిలో ఆమె ముప్పై ఒకటోది, ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. వంతెన దగ్గర్నుంచి పోలీసు కారులో వచ్చిన బెర్తో చివరి వంద గజాలూ ఆమె వెనకే రోడ్డు ఊడ్చుకుంటూ వచ్చాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఈసారి ఆ నవ్వులో పెరీనా కూడా కలిసింది.

సోమవారం ఉదయం లోవ్రే ప్యాకింగు గదిలోకి వచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలో నాలుగు ఉప్పు ప్యాకెట్లు, నలిగినా మూతులు ఊడలేదు. కిటికీలోంచి చూస్తే ఆమె మడిలో ఉంది, పాత చెక్కపారతో. గాలి ఇంకా పూర్తిగా తగ్గలేదు. లోవ్రే మెరిసే బూట్లతో గట్టు మీదుగా గబగబా నడిచాడు.

"పెరీనాగారూ, మిమ్మల్నిక్కడికి ఎవరు..."

పెరీనా ఠక్కున చతికిలబడింది. అతనికి ఎందుకో అర్థమయ్యేలోగా గాలిదెబ్బ తగిలి, ఉప్పునీళ్లలో కూలబడ్డాడు.

దెబ్బ తగ్గగానే ఆమె లేచి, వెళ్లి చెయ్యి అందించింది.

"ఈ గాలికి మీరు తట్టుకోలేరు బాబూ," అంది, ఎంతో మర్యాదగా. "లోపల కుర్చీ ఖాళీగా ఉంది. హాయిగా కూర్చోండి."