గాలి నిలవని ట్యాంకు

మా మామగారు నాతో నేరుగా మాట్లాడరు. అలాగని మా మధ్య గొడవలేం లేవు. అల్లుడంటే ఆయనకి మర్యాద, అంతే. ఆ మర్యాద ఎంత ముదిరిందంటే, నేను ఎదురుగా కూర్చునే ఉంటాను, ఆయన వంటింటి వైపు తిరిగి "బిడ్డా, అల్లుడు గారిని చాయ్ తాగమను" అంటారు. చాయ్ అప్పటికే నా చేతిలో ఉంటుంది. నేను "తాగుతున్నాను మామయ్య గారూ" అంటే, "తాగుతున్నరట బిడ్డా" అని ఆ కబురు కూడా లోపలికి పంపిస్తారు. పెళ్ళయిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది.

మా వాళ్ళది సముద్రం పక్క ఊరు. మా నాన్న ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మామగారు మాత్రం పుట్టింది, పెరిగింది, ముసలాయనైంది అంతా సికింద్రాబాద్‌లోనే. కార్ఖానా ఏరియాలో రోడ్డు మీద పంక్చర్ షాపు నడిపేవారు. ఆ స్థలం ఓనరు కాంప్లెక్సు కట్టుకుంటానంటే షాపు ఎత్తేసి, సామానంతా అమ్మేశారు. గాలి మిషను ఒక్కటే మిగిలింది. అదే, టైర్లలో గాలి కొట్టే కంప్రెసర్. ఎవరూ కొనలేదని ఆయన అంటారు, ఈయనే ఎవరికీ ఇవ్వలేదని మా ఆవిడ అంటుంది. మొత్తానికి అది ట్రాలీ ఆటోలో మారేడ్‌పల్లి వచ్చి మా ఇంటి కారు షెడ్డులో తిష్ఠ వేసింది. మా కారు అప్పట్నుంచి వీధిలో వేపచెట్టు కింద కాకుల దయ మీద బతుకుతోంది.

అత్తగారు పోయాక మామగారు లాలాగూడలో మేడ మీద ఒక గదిలో ఒక్కరే ఉండేవారు. పోయిన వానాకాలం బాత్రూంలో జారి పడ్డారు. పొద్దున పడితే సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. అద్దె అడగడానికి వచ్చిన ఇంటి ఓనరు తలుపు తట్టి, తట్టి, అనుమానం వచ్చి లోపలికి తొంగి చూశాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మా ఆవిడ ఫోను మోగితే ముందు గుండె పట్టుకుంటుంది, తర్వాత ఫోను పట్టుకుంటుంది.

ఈ మధ్య ఆయనకి కంటి శుక్లం ఆపరేషన్ అయితే, చుక్కలు వెయ్యాలన్న వంకతో మా ఇంటికి తీసుకొచ్చాం. మా అమ్మాయి హాస్టల్లో ఉంది కాబట్టి గది ఖాళీ. మా ఆవిడ మొహం కళకళలాడింది. చుక్కలు అయిపోవచ్చేసరికి ఆయన మొదలుపెట్టారు. "ఇగ పోత బిడ్డా. అల్లుని ఇంట్ల ఎన్ని దినాలుంట? నలుగురు ఏమంటరు?"

ఆ నలుగురు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా వీధిలో పక్కింట్లో ఎవరుంటున్నారో అడిగినా చెప్పేవాడు లేడు.

మా ఆవిడ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. "మళ్ళీ ఆ మెట్లెక్కి, ఆ గదిలో పడితే ఈసారి ఎవరు చూస్తారండీ? ఎట్లనన్నా ఆపండి."

"నేను మాట్లాడతాను."

"మీరు మాట్లాడితే ఈ పూటే పోతడు."

అదీ నిజమే. అయితే నాకు చాలా రోజులుగా ఒక కోరిక ఉంది. షెడ్డులో సగం వర్క్‌షాపు చేసుకుని, నా పాత స్కూటరుకి నేనే స్ప్రేతో రంగు కొట్టుకోవాలని. స్ప్రేకి గాలి కావాలి. గాలి మిషను షెడ్డులోనే తుప్పు పట్టి పడి ఉంది. అది బాగుచేద్దామా అని మామగారిని అడిగాను. ఆయన వంటింటి వైపు తిరిగారు.

"అల్లుడు గారికి చెప్పు బిడ్డా, గా మిషను నడిచే దాంక నేనుంట. నడిచిన్నాడు పోత. మాట అంటే మాట."

మా ఆవిడ అక్కడే చేతులు జోడించి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నా స్కూటరూ, వాళ్ళ నాన్నా ఒకే దెబ్బకి సర్దుబాటు అయ్యాయని నేనూ తెగ సంబరపడ్డాను. బాగుచేసే వస్తువు ఏదో ఒకరోజు బాగవుతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పని షురూ అయింది. నేను కింద గోనెసంచి మీద, చేతిలో పానా. ఆయన నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో. మా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర.

"బిడ్డా, అల్లుడు గారు నట్టు ఉల్టా తిప్పుతున్నరు."

"ఏమండీ, ఉల్టా తిప్పుతున్నారట."

"సీదాగానే తిప్పుతున్నానని చెప్పు."

"సీదానే అంటున్నరు నాయినా."

"గట్లయితే ఇంకా జెర గట్టిగ తిప్పి విరగ్గొట్టుమను."

విరిగింది.

నన్ను ఎన్ని మాటలన్నా బహువచనంలోనే అన్నారు, అది చెప్పుకోవాలి. అల్లుడు గారికి పని తెల్వదు. అల్లుడు గారు పానా పట్టుకుంటె గంటె పట్టుకున్నట్టున్నది. అల్లుడు గారు చదువుకున్నరు గద, పుస్తకంల ఏమన్న రాసిందేమో చూసుకొమ్మను. మా ఆవిడ పప్పు తిరగమోత పెడుతూనే వీటన్నిటినీ పొల్లు పోకుండా నాకు చేరవేసేది. మధ్యలో తన సొంతవి కూడా కొన్ని కలిపిందని నా అనుమానం.

పోనీ ఆయనకి తెలుసా అంటే, అదీ అంతంత మాత్రమే. మిషను పంపు విప్పడం ఆయన జన్మలో చూడలేదు. షాపులో అది పాడైతే మెకానిక్కు వచ్చి విప్పేవాడట, ఈయన వాడికి చాయ్ తెప్పించి రోడ్డు చూస్తూ కూర్చునేవారట. మేం దాన్ని విప్పి, మసి గీకి, నల్లగా జిడ్డయిన నూనె పారబోసి, మళ్ళీ బిగించేసరికి రెండు వాషర్లు మిగిలాయి. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "గవి ఎగస్ట్రా బిడ్డా. కంపెనీవాళ్ళు గట్లనే ఇస్తరు" అని జేబులో వేసుకున్నారు.

బెల్టు కోసం రాణిగంజ్ వెళ్ళాం. ఆటోలో కూడా నాతో మాట్లాడలేదు, డ్రైవరుకి చెప్పి నాకు చెప్పించారు. కానీ ఆ బజారులో దిగాక మనిషే మారిపోయారు. నేను రెండు షాపుల్లో కుదరని బెల్టు పట్టుకుని పరేషాన్ అవుతుంటే, ఆయన మూడో షాపాయనతో ఉర్దూలోకి దిగి, అతని కుర్చీలోనే కూర్చుని, అతని చాయ్ తాగి, పాత బెల్టు పక్కన కొత్తది పెట్టి కొలిపించి తెచ్చారు. తిరిగొచ్చాక రెండు రొట్టెలు ఎక్కువ తిన్నారు. ఆయన చేయి కడుక్కోవడానికి వెళ్ళగానే మా ఆవిడ ఖాళీ కంచాన్ని నాకు చూపించింది. ఆ కంచం చూసి నాకూ ఎంత సంతోషమైందో చెప్పలేను.

మామగారు మొదటిసారి మిషను వేసిన రోజు నేను ఇంటి నుంచి ఆఫీసు మీటింగులో ఉన్నాను. మైకు మ్యూట్‌లో లేదు. షెడ్డులోంచి ధడధడమని మొదలైంది చూడండి, మా మేనేజరు మాట ఆపేసి, మీరు ఏ రైల్వే స్టేషన్‌లో ఉన్నారని అడిగాడు. నేను లాప్‌టాప్ వదిలేసి పరిగెత్తాను. పంపు తిరుగుతోంది, బెల్టు తిరుగుతోంది, గేజు ముల్లు మెల్లగా పైకి లేస్తోంది. మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మా ఆవిడ గరిటెతో వచ్చి, ముల్లుని చూసి మొదట నవ్వింది, తర్వాత ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది.

"మీటింగు," అని స్విచ్చు ఆపేశాను.

ఆ సాయంత్రం పెరట్లో కుట్ర జరిగింది. ట్యాంకు అడుగున, లోపల చేరిన నీళ్ళు వదలడానికి ఒక చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేస్తే చాలు, ముల్లు సగం దాకా లేచి అక్కడే కూలబడుతుంది. "ఆపరేషన్ కన్ను గద, సబ్బు నీళ్ళు పూసి చూసినా బుడగలు కనబడవు లెండి" అని మా ఆవిడ ధైర్యం చెప్పింది. ఆపరేషన్ చేసేది కనబడడానికే కదా అని నాకైనా తోచాలి. తోచలేదు.

అప్పట్నుంచి అదే పని. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు నేను వెళ్ళి కుళాయి వదులు చేసేవాణ్ణి. సాయంత్రం ఆయన గడ్డం గీసుకునే బ్రష్షుతో సబ్బు నీళ్ళు పూసి ఒక్కో జాయింటు దగ్గరా బుడగల కోసం వెతికేవారు. ఒకసారి మోకాళ్ళ మీద వంగి ట్యాంకు అడుక్కి కూడా చూశారు. నేను పానా వెతుకుతున్నట్టు అటు తిరిగాను. ఆయన మెల్లగా లేచి, తుండుతో చేతులు తుడుచుకుని, "సమజైతలేదు బిడ్డా" అన్నారు. నా స్కూటరు రంగు లేకుండా అలాగే ఏడుస్తోంది, కానీ ఇల్లు మాత్రం హాయిగా ఉంది.

చెడగొట్టింది నేనే. ఆదివారం, ఉప్మా ఆలస్యమైంది, కడుపు కాలుతోంది. ముల్లు మామూలుగా సగంలో ఆగింది. మామగారు తల ఊపి, కిటికీ వైపు తిరిగి అన్నారు. "తప్పు అల్లుడు గారిది కాదు బిడ్డా. ఆళ్ళ సముద్రం దిక్కు గాలి ఊరికెనే కొడ్తది. మిషను ముఖం ఎన్నడు చూసిండ్రు?"

మా ఆవిడ పకపకా నవ్వింది. ఆయన అన్నదానికి నేను ఊరుకునేవాణ్ణే. ఆ నవ్వుకి ఊరుకోలేకపోయాను. నాకు కోపం వస్తే బుర్ర ముందు పోతుంది, చేతులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కింద దూరి, కుళాయికి తెల్ల టేపు చుట్టి, పానాతో బిగబిగా బిగించి, స్విచ్చు వేశాను.

"ఇప్పుడు చూసుకోమను మీ నాన్నని."

ముల్లు సగం దాటింది. ఇంకా లేచింది. పైకి పోయి, టక్కుమని మోటారు దానంతట అదే ఆగింది. మంచి మిషను లక్షణం అది, ట్యాంకు నిండగానే ఆగిపోవడం. నేను కాలరు ఎగరేసి కిటికీ వైపు చూశాను. మా ఆవిడ నవ్వడం లేదు.

మామగారు గేజు అద్దాన్ని తుండుతో తుడిచారు. "మంచిగున్నది" అన్నారు. ఎవరికీ చెప్పమనలేదు. లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి సంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "గెలిచారు" అని ఒక్క మాట అని, డబ్బాలో అన్నం సర్దడానికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకోకుండానే సర్దింది. "ఇంకో వారం ఉండు నాయినా" అంటే, "మాట అంటే మాట బిడ్డా" అన్నారాయన. అడ్డం పడి నేనూ అడిగాను, ఉండిపొండి మామయ్య గారూ అని. ఆయన కూతురి వైపు తిరిగారు. "అల్లుడు గారిది పెద్ద మనసు. గందుకే పోవాలె."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన గేటు దగ్గరికి నడిచి తనే ఒక ఆటో ఆపారు. సంచి లోపల పెట్టి, ఒక కాలు కూడా పెట్టారు.

నేను షెడ్డులోకి వెళ్ళి, ట్యాంకు కింద పడుకుని, కుళాయి మొత్తం తిప్పేశాను. దొంగతనంగా కాదు, అందరూ చూస్తుండగానే. బుస్సుమని చెవులు చిల్లులు పడేలా గాలి లేచింది, దాంతోపాటు ఎర్రటి తుప్పు నీళ్ళు నా మొహం మీదా చొక్కా మీదా కొట్టాయి. ఆటో డ్రైవరు తల బయటికి పెట్టి చూశాడు. మామగారు కాలు వెనక్కి తీసి, సంచితో సహా షెడ్డులోకి వచ్చి, సరిగ్గా నా తల దగ్గర నిలబడ్డారు. నా చెయ్యి కుళాయి మీదే ఉంది. తియ్యలేదు.

గాలంతా పోయేదాకా ఆయన గేజు వైపే చూశారు. ముల్లు కిందికి దిగి ఆగింది. అప్పుడు నా చేతి వైపు చూశారు.

"బిడ్డా," అని కేకేశారు. "ఆటోను పొమ్మను. లీకున్నది."

మా ఆవిడ అన్నం డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఎక్కడ నాయినా?"

"సమజైతలేదు," అన్నారు, నా చేతి మీంచి చూపు తిప్పకుండా. "నిన్న సుత గీడనే ఉండె. మొన్న సుత గీడనే. అల్లుడు గారు దినాం మధ్యాహ్నం వచ్చి పాపం మస్తు తక్లీఫ్ పడ్తున్నరు గని, ఆగుతలేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నల్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"దీనికి జెర టైం పడ్తది. నా సంచి లోపల పెట్టు."