కాశీల వదిలిన సీతాఫలం

కాశీకి పోయినోళ్లు అక్కడ ఓ కాయో పండో వదిలి రావాలె. వదిలినంక బతికినన్నాళ్లు దాన్ని నోట్లె పెట్టొద్దు. అందుకే మనోళ్లు హుషారుగ తమకు పడనియ్యే చూసి వదుల్తరు. మేం పోయిన గుంపుల సగం మంది కాకరకాయే వదిలిండ్రు. గంగమ్మకు కాకరకాయంటే మొఖం మొత్తి ఉంటది.

అమ్మకు రైల్లనే చెప్పి పెట్టిన, కివీ పండు వదలమని. పుల్లగుంటదని అది ఆమె ఎన్నడు ముట్టది. సరేనన్నట్టే తలూపింది. తీరా ఘాట్ మెట్ల మీద పంతులు అడిగితే, దోసిట్ల నీళ్లు పట్టుకొని "సీతాఫలం" అన్నది.

మా అమ్మ పుట్టి పెరిగింది ఖాజాగూడల. అప్పుడు ఆ ఊరి గుట్టల మీద, రాళ్ల సందుల, సీతాఫలం చెట్లే ఉండేటియట. వానలు వెనకపట్టంగనే పిల్లలంత గంపలు పట్టుకొని ఎక్కేటోళ్లట. ఇప్పుడు అక్కడంత పెద్ద బిల్డింగులే, ఆ పక్కనే మా ఆఫీసున్నది. మేముండేది మదీనాగూడ అపార్టుమెంట్ల, పండ్లు కొనేది కింద బండి మీద. ప్రతి ఏడు అమ్మ ఆశగ ఒక సీతాఫలం తినేది, "అది కాదు" అనేది. ఇగ ఆ సీజన్ అయిపోయేదాక ఆమె మాట తగ్గిపోయేది, చూడబుద్ధి కాకపోయేది.

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. మెట్ల మీదనే లొల్లి పెట్టుకున్న. ఉన్న ఒక్క ఇష్టాన్ని గూడ నీళ్లల్ల కలిపినవేంది అని అడిగిన. ఆమె తడి కొంగు పిండుకుంట నిమ్మళంగ చెప్పింది.

"చెట్లు పొయ్యి ఎన్నేండ్లాయె బిడ్డ. పండు తిన్నప్పుడల్ల అవి మల్లొకసారి పోయినట్టే అయితుంది. ఇగ చాలు."

ఎప్పటిదో ఆ కాశీ. అక్కడికి అందరు ఏందో అడుగనీకే వస్తరనుకున్న ఇన్నాళ్లు. బరువు దించుకోనీకే వచ్చేటోళ్లు గూడ ఉంటరని ఆ పూట తెలిసింది.

మొన్న దసరా ముందల, ఆఫీసు నుంచి వస్తుంటే ఖాజాగూడ చెరువు పక్కన ఒక ముసలమ్మ గంప పెట్టుకొని కూసున్నది. అడిగితే గుట్ట మీది పండ్లేనన్నది. ఏవో నాలుగు చెట్లు ఇంక మిగిలినయట. మనసు ఆగక కొన్న. కొన్నంక దారి పొడుగూత పరేషానే. ఇంటికి తీస్కపోతే మొక్కు చెడగొట్టినదాన్ని అయితనా? ఆ చెట్లు ఇంక ఉన్నయని చెప్పకుంటే అది ఇంకెంత పాపం?

గుట్ట మీదియ్యేనని చెప్పి అమ్మ ముందల పెట్టిన. ఆమె పండ్ల కండ్లు విచ్చుకున్నయా లేదా చూసి, బియ్యం డబ్బల పెట్టింది. మెత్తవడినంక తానే ఒకటి విప్పి నా చేతిల పెట్టి, ఎదురుంగ కూసున్నది. నోట్లె పెట్టుకోంగనే సమజైంది, ఇన్నేండ్లు "అది కాదు" అని ఎందుకన్నదో. ఏడుపొచ్చింది.

ఎట్లున్నదని అడిగింది. ఏముంది, బండి మీది లెక్కనే ఉన్నదన్న, మొఖం పక్కకు తిప్పుకొని.

అమ్మ చెయ్యి చాపి నా చేతిల గింజలు తీసుకొని ముక్కు కాడ పెట్టుకున్నది.

"అబద్ధమెందుకు బిడ్డ. తినుడే వదిలిన. వాసన వదల్లె."