ఈ పూట ఏం చూసుకొచ్చినావు?

మా మేనత్త పోయిందన్న కబురు నాకు సూళ్లూరుపేట స్టేషన్‌లో తెలిసింది. పొద్దున పూట, మద్రాసు లోకల్ కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాను. ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఆమెను చూసే వంతు నాది. మా అబ్బాయి ఫోన్ చేశాడు. అక్కడ ఆమె దగ్గర ఉంటున్నది వాడే. "అమ్మా, అవ్వ పోయిందంట. నేను బయటుండా, బీచ్ కాడ. ఇప్పుడే నర్సు ఫోన్ చేసింది, పోతా ఉండా" అన్నాడు. రైలు వస్తే ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చోబోతుంటే నా నోట "స్తోత్రం" అని వచ్చింది. అది ఆమె మాట. రైల్లో సీటు దొరికితే ముందు దేవుడికి ఆ ముక్క చెప్పి తర్వాతే కూర్చునేది. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని వీడు బీచ్‌లో ఏం చేస్తున్నాడని మీకు అనిపించవచ్చు. మా చుట్టాల్లో ఒకరిద్దరు మొహం మీదే అడిగారు కూడా. అదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. వాడు ఆమె నేర్పిన పని మీదే అక్కడికి వెళ్లాడు.

ఆమె మా నాన్నకు చెల్లెలు. సూళ్లూరుపేట బజారులో ఒక్క కుట్టుమిషను పట్టేంత కొట్టు ఆమెది. మామ పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. లైనింగ్ గుడ్డకీ లేసులకీ గుండీలకీ లోకల్ ఎక్కి మద్రాసు పోయి వచ్చేది. ఊరి పేరు మారి ఎన్నేళ్లయినా ఆమెకు అది మద్రాసే. విని విని నాకూ అదే అలవాటయింది. చంకలో ఎప్పుడూ గొడుగుండేది. అది విప్పగా నేను చూసింది తక్కువ. దారి చూపించడానికి, అడ్డం పడే ఆటోవాళ్లను వద్దనడానికి మాత్రం తెగ వాడేది. అరవం, తెలుగు కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేది. ఎదుటివాళ్లకు ఎట్లా అర్థమయ్యేదో గానీ, అందరూ జవాబు చెప్పేవాళ్లు.

మా అబ్బాయికి పదేళ్లప్పుడు మద్రాసులో గుండె ఆపరేషన్ చేయించాం. పుట్టుకతో ఉన్న రంధ్రం. ఆపరేషన్ బాగానే అయిందన్నారు గానీ ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఐసీయూలోంచి బయటికి రాలేదు. గొంతులో గొట్టం, నోట మాట లేదు. డాక్టరుగారిని అడిగితే "చూద్దాం" అనేవారు, అంతకు మించి పెదవి విప్పేవారు కాదు. మా ఆయన తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసేవాడు. అది రొయ్య పట్టే సమయం కావడంతో ఆదివారాలు మాత్రం వచ్చి చూసి పోయేవాడు. నాకు తోడుగా వచ్చింది మా మేనత్తే. అప్పుడు డిసెంబరు, క్రిస్మస్ నెల. మా చర్చి వాళ్లందరూ కొత్త బట్టలు కుట్టించుకునే కాలం, ఆమెకు ఏడాదిలో చేతినిండా పని ఉండేది ఆ నెల్లోనే. తీసుకున్న గుడ్డలన్నీ ఇంకో టైలరుకు అప్పజెప్పి, కొట్టుకు తాళం వేసి వచ్చేసింది. అంత పని వదిలి వచ్చేశానని ఒక్క రోజు కూడా నాతో అనలేదు.

ఐసీయూలోకి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కరినే, అదీ కాసేపు పంపేవారు. మిగతా పగలంతా వరండాలో ఇనప కుర్చీలు. నేను ఆ కుర్చీకి అతుక్కుపోయాను. లేస్తే వాడికేదో అయిపోతుందని భయం. లోపలికి వెళ్లగానే వాడిని చూసి ఏడుపు తన్నుకొచ్చేది. వాడు బెదిరిపోయి కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఒక పొద్దున అలాగే ఏడుస్తూ బయటికొస్తే మా అత్త కొంగుతో నా మొహం తుడిచింది.

"లెయ్, పోదాం" అంది.

"యాడికి?"

"ఊరు చూడను."

నాకు ఒళ్లు మండింది. "పిల్లోడు ఆడ అట్టుంటే ఊరు చూడాలా అత్తా?" అన్నాను.

"నువ్వు ఈడ కూచుంటే వాడు లేచి వస్తాడా? సాయంత్రం మళ్లా లోపలికి పోవాల గదా, ఏం తీసకపోతావు? పండ్లు కూడదన్నారు, పూలు కూడదన్నారు, బొమ్మ కూడా కూడదన్నారు. ఏడుపు మాత్రం మోసకపోతా ఉండావు. వాడికి చెప్పను నాలుగు మాటలన్నా తెచ్చుకుందాం దా. మాటలు తేగూడదని వాచ్‌మన్ చెప్పలేదు గదా."

చేతిలో ఉన్నదంతా ఆసుపత్రికే సరిపోయేది. కాబట్టి ఆమె నన్ను తిప్పినవన్నీ ఊరికే చూడగలిగినవే. మొదట మెరీనాకు తీసుకుపోయింది. ఇసకలో నడుస్తూ నేను ఇంకా విసుగ్గానే ఉన్నాను. పులికాట్ పక్కన పుట్టినవాళ్లం, మనం చూడని నీళ్లా అన్నాను. "నీళ్లను ఎవరు చూడమన్నారు? నీళ్లు చూడొచ్చిన మనుషుల్ని చూడు" అంది. చూశాను. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ఒక కుటుంబం, ముసలమ్మ మొదలు పసివాళ్ల దాకా చేతులు పట్టుకుని వరసగా నిలబడి, అల రాగానే వరసంతా వెనక్కి పరిగెత్తేది. ప్లాస్టిక్ పూలదండ వేసుకున్న గుర్రం ఒకటి నిలబడే కునుకు తీస్తోంది. కోటు వేసుకున్న ఒక పెళ్లికొడుకు బూట్లు విప్పి పక్కన పెట్టి, పెళ్లికూతురితో ఫొటో తీయించుకుంటుంటే అల వచ్చి బూట్లు లాక్కుపోయింది. ఫొటోగ్రాఫర్ మోకాలు లోతు నీళ్లలోకి దిగి ఒకటి పట్టుకొచ్చాడు. రెండోది దొరకలేదు. మా అత్త పడీ పడీ నవ్వింది. నేను కూడా నవ్వాననుకుంటాను.

సాయంత్రం లోపలికి వెళ్లి వాడికి ఆ పెళ్లికొడుకు సంగతి చెప్పాను. వాడు కళ్లు తెరిచే విన్నాడు. అంతా అయ్యాక చెయ్యి కొంచెం ఎత్తి, ఒక వేలు చూపించాడు. నాకు ముందు అర్థం కాలేదు. ఒక బూటేనా అని అడుగుతున్నాడు. "అవును నాన్నా, ఒకటే దొరికింది. ఇంకోటి సముద్రం వేసుకుంది" అన్నాను. ఆపరేషన్ తర్వాత వాడు నన్నొక మాట అడగడం అదే మొదలు. బయటికొచ్చి మా అత్త చేతులు పట్టుకున్నాను. మరుసటి రోజు పొద్దున చూసి రాగానే, ఆమె కంటే ముందు నేనే చెప్పులేసుకున్నాను.

ఆ తర్వాత ఆమె నన్ను తిప్పని చోటు లేదు. సెంట్రల్ స్టేషన్ బయట మెట్ల మీద కూర్చుని, వచ్చే జనం మూటల్లో ఏముందో పందెం వేసుకునేవాళ్లం. పూల బజారులో తడి నేల మీద నడుస్తూ గుట్టలు పోసిన చామంతుల రంగులు గుర్తుపెట్టుకునేదాన్ని. సముద్రం దగ్గరి తెల్లటి పెద్ద చర్చిలో మిట్టమధ్యాహ్నం కూర్చునేవాళ్లం. అది మా చర్చి కాదు, మా పద్ధతి కాదు. "ఏమనుకోరా అత్తా?" అంటే, "దేవుడు ఒకడే గదా. ఈడ ఫ్యాన్లు ఎక్కువ" అంది. మైలాపూర్‌లో ఒక పార్కులో ముసలివాళ్లు పోగై గట్టిగా నవ్వే వ్యాయామం చేస్తుంటే, ఈమె కూడా వెళ్లి వాళ్ల వరసలో నిలబడి నవ్వి వచ్చింది.

అన్నిటికంటే ఆమెకు ఇష్టమైనవి కచేరీలు. ఆ నెలంతా మద్రాసులో సంగీతం నడుస్తుంది. పేరు రాని పిల్లలు పాడే మధ్యాహ్నం కచేరీలకు చాలా చోట్ల టికెట్ ఉండదు. ఏసీ హాలు, మెత్తటి కుర్చీ. మా అత్త గొడుగు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలోనే కూర్చునేది. అందరూ ఒకచోట తాళం వేస్తే ఈమె ఇంకోచోట వేసేది. మొదటి రోజే నా వైపు వంగి, "మే, పాడతా ఉండేది మన తెలుగే" అంది. పాడే అమ్మాయిది అరవ నోరు కావడంతో మాటలు కొంచెం వంకర పోతున్నాయి. కచేరీ అయ్యాక ఈమె తిన్నగా వేదిక దగ్గరికి వెళ్లి, ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని, "బాగా పాడినావు తల్లీ. నాలుక ఒక్క రవ్వ తిప్పాల" అని ఒక మాట పలికి చూపించింది. ఆ అమ్మాయి కోప్పడకుండా మళ్లీ మళ్లీ పలికింది. ఆ సాయంత్రం అది చెబితే, గొట్టం ఉన్నా మా వాడి బుగ్గలు కదిలాయి.

ఒక రోజు నాకు జ్వరంగా ఉండి ఎక్కడికీ పోలేదు. సాయంత్రం చెప్పడానికి ఏమీ లేక, బీచ్‌లో ఏనుగు స్నానం చేస్తోందని కల్పించి చెప్పాను. వాడు కళ్లు ఇంతింత చేసుకున్నాడు. నేను గొప్పగా బయటికొచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె నవ్వలేదు.

"అట్టా చెయ్యకూడదు. ఈడ చెప్పిందల్లా వాడు బయటికొచ్చినాక చూపించాల. ఏనుగుని యాడ నుంచి తెస్తావు?" అంది.

వాడు బయటికొస్తాడని అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. డాక్టర్లు అనలేదు, మా ఆయన అనలేదు, నేను అనుకోలేదు. ఈమె మాత్రం ఏనుగు ఎట్లా చూపించాలా అని దిగులు పడుతోంది. ఆ మాటతోనే నాకు ఆ రాత్రి నిద్రపట్టింది.

ఇదంతా నీకెవరు నేర్పారని మరునాడు ఇసకలో కూర్చున్నప్పుడు అడిగాను. గొడుగు కొసతో ఇసకలో గీతలు గీస్తూ చెప్పింది. మామ ఆఖరి రోజులు ఈ ఊరి ఆసుపత్రిలోనే గడిచాయి. ఆయన మంచం మీద నుంచి లేవలేడు. ఈమె పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటూ ఉంటే, ఆయనే విసుక్కున్నాడట. "నా మొహం ఎంతసేపు చూస్తావు? అట్టా బయటికి పోయి ఊరు చూసిరా. వచ్చి నాకు చెప్పు" అన్నాడట. అప్పటినుంచి ప్రతి పూటా పోయి చూసి వచ్చేది. ఈమె తలుపులో కనబడగానే, "ఈ పూట ఏం చూసుకొచ్చినావు?" అని అడిగేవాడట.

"అన్నీ చెప్పినా. ఏదీ చూపించలేకపోయినా" అంది. ఆ తర్వాత లేచి చీరకంటిన ఇసక దులుపుకుని, టైమవుతోంది పదమంది.

మా అబ్బాయి బయటపడ్డాడు. నెమ్ము తగ్గింది, గొట్టం తీశారు, కొన్నాళ్లకు ఇంటికి పొమ్మన్నారు. మేం తిన్నగా ఇంటికి రాలేదు. మా అత్త వాడిని మధ్యలో నడిపిస్తూ, అలిసినప్పుడల్లా కూర్చోబెడుతూ మద్రాసంతా చూపించింది. పెళ్లికొడుకు బూటు పోయిన చోటు చూపించింది. పూలదండ గుర్రం దొరికింది. నవ్వే ముసలివాళ్లు వాడిని కూడా వరసలో నిలబెట్టుకున్నారు. అన్నీ చూశాక వాడు, "ఏనుగు యాడ అవ్వా?" అన్నాడు. "అది మీ అమ్మ లెక్క, ఆమెనే అడుగు" అంది. ఆ ఏనుగు మాట మా ఇంట్లో ఈనాటికీ నన్ను వదల్లేదు. కూర బాగుందని నేనంటే, "ఏనుగంత బాగుందా?" అంటారు.

ఇప్పుడు వాడు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న మా అత్తకు పక్షవాతం వచ్చి మద్రాసులో చేర్చినప్పుడు, నేనుంటానని సెలవు పెట్టింది వాడే. ఆమెకు మాట పడిపోయింది. అదే ఐసీయూ కాదు గానీ, అవే ఇనప కుర్చీలు, అదే కాసేపు. మొదటి సాయంత్రం వాడు లోపలికి వెళ్లి మంచం పక్కన వంగి, "అవ్వా, బీచ్‌లో ఏనుగు స్నానం చేస్తా ఉండాది" అన్నాడట. ఆమె మూతి ఒక పక్కకే కదిలింది. నవ్విందమ్మా, నాకు తెలుసు అన్నాడు వాడు ఫోన్‌లో. ఆ తర్వాత మాత్రం ఒక్కటీ కల్పించలేదు. పూట పూటా పోయి, నిజంగా చూసిందే తెచ్చి చెప్పాడు. ఆమె పోయిన పొద్దున కూడా అందుకే బీచ్‌కు పోయాడు.

నా కొడుకు నాకు దక్కాడంటే డాక్టర్ల చలవే, కాదనను. కానీ ఆ రోజుల్లో వాడు ప్రతి సాయంత్రం కళ్లు తెరిచి నా కోసం చూశాడంటే అది ఆమె చలవ. నేను పిచ్చిదాన్ని కాకుండా మిగిలానంటే అది కూడా ఆమె చలవే. ఆమె బతికుండగా ఇంత పొడుగ్గా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పబోతే, "సరేలే, టీ పెట్టు" అనేది.

సూళ్లూరుపేటలోనే మామ పక్కన సమాధి చేశాం. పాస్టరుగారు ప్రార్థన ముగించారు, అందరం తలా పిడికెడు మన్ను వేశాం, జనం నెమ్మదిగా కదిలారు. మా అబ్బాయి కదల్లేదు. పచ్చి మన్ను పక్కన గొంతు కూర్చుని, ఆసుపత్రి మంచం మీదికి వంగినట్టే వంగాడు. చుట్టాలెవరో పిలవబోతే నేను ఆపాను. ఆ పొద్దుటిది ఆమెకు ఇంకా చెప్పలేదు కదా.

"అవ్వా, ఈ పూట ఒక ముసలాయన్ని చూసినా. ఏ ఊరో తెలవదు, సముద్రం చూడను ఇదే మొదలనుకుంటా. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. అల వచ్చినప్పుడల్లా రెండు చేతులెత్తి దండం పెడతా ఉండాడు. ఒక్క అలను కూడా వదల్లేదు. ఇంతలో నర్సు ఫోన్ చేసింది, నేను పరిగెత్తినా. రోడ్డు మీదికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ఇంకా పెడతానే ఉండాడు అవ్వా."